ఎఫ్‌ఐఆర్ నుంచి బ్లాక్‌స్పాట్ దాకా: రోడ్డు ప్రమాద రికార్డుల సాఫ్ట్‌వేర్, ప్రాజెక్టు డైరీ

పని ఇది: ఒక జాతీయ రహదారిలో 60 కిలోమీటర్ల మేర, మూడు క్యాలెండర్ సంవత్సరాల ప్రమాద కేసులను ఒక డేటాబేసులోకి చేర్చి, ఎక్కడ ఏ రకం ప్రమాదం మళ్లీ మళ్లీ జరుగుతోందో తేల్చడం. అలాంటి చోట్లనే బ్లాక్‌స్పాట్లు అంటారు. రోడ్డు పేరు, స్టేషన్ల పేర్లు రాయడం లేదు. చాలా కేసులు ఇంకా కోర్టుల్లో, మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునళ్లలో నడుస్తున్నాయి.

ఐఐటీ మద్రాసు రూపొందించి, ఎన్‌ఐసీ అమలు చేస్తున్న ప్రభుత్వ రోడ్డు ప్రమాదాల డేటాబేసు ఐరాడ్ ఉండగా ఇదెందుకని అడిగేవారు ఉంటారు. ఇప్పుడు ఈ-డార్ అంటున్నది కూడా అదే. అది పోలీసు, రవాణా, రహదారులు, ఆరోగ్య శాఖలు వాడుకోవడానికి కట్టినది. బయటివారికి అందులో ఒక్కో కేసు వివరం కనిపించదు. పైగా 2021లో ఆరు రాష్ట్రాలతో మొదలై తర్వాత మిగతావాటికి వచ్చింది కాబట్టి అంతకుముందరి కేసులు కాగితాల్లోనే ఉండిపోయాయి. ఎఫ్‌ఐఆర్‌లు మాత్రం 2016 నాటి సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత పోలీసు వెబ్‌సైట్లలో దొరుకుతున్నాయి. మా ముడిసరుకు అదే.

చేస్తున్నది ఇద్దరం. కోడు నాది. నాతో ఉన్న పెద్దాయన రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్. చాలా ఏళ్లు స్టేషన్ రికార్డులు రాసే రైటర్‌గా పనిచేశారు. ఈ డైరీలో నిజంగా పనికొచ్చే సంగతుల్లో సగం ఆయన చెప్పినవే.

వాడినవి: మామూలు ల్యాప్‌టాప్, డేటాబేసుకు ఎస్‌క్యూలైట్, కోడుకు పైథాన్, మ్యాపుల పనికి క్యూజీఐఎస్, ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. సాఫ్ట్‌వేర్ ఖర్చు సున్నా. పెట్రోలు ఖర్చు గురించి అడగవద్దు.

దశ 1: ఎక్సెల్‌కు సెలవు

మొదట ఒక్కో ప్రమాదానికి ఒక్కో వరుస చొప్పున ఎక్సెల్‌లో ఎక్కించడం మొదలైంది. రెండు చోట్ల బెడిసింది.

మొదటిది క్రైం నంబరు. 12/2023 అని కొడితే ఎక్సెల్ దాన్ని 2023 డిసెంబర్ అనుకుని తేదీగా మార్చేస్తుంది. 13/2023 జోలికి పోదు, పదమూడో నెల లేదు కదా. ప్రతి స్టేషన్‌లో ఏటా నంబర్లు ఒకటి నుంచి మొదలవుతాయి. అంటే ప్రతి స్టేషన్‌లో, ప్రతి ఏడాదీ మొదటి పన్నెండు నంబర్లకు ఈ గండం ఉంది. గుర్తు పట్టడం తేలిక: తేదీగా మారిన గడిలో అంకెలు కుడివైపు అంచుకు జరిగి ఉంటాయి, అక్షరంగా మిగిలినవి ఎడమవైపు ఉంటాయి. కాలమ్ వెడల్పు పెంచి పైనుంచి కిందికి చూస్తే చాలు. ఏడాది మొదట్లోని ఆ కేసులన్నీ కుడిగోడకు ఆనుకుని నిలబడి కనిపిస్తాయి.

రెండోది వరుసల లెక్క. వాహనం 1, వాహనం 2, గాయపడినవారు 1, 2, 3 అంటూ కాలమ్‌లు పెంచుకుంటూ పోతే, బస్సు బోల్తా పడిన ఒక్క కేసు షీటు మొత్తాన్ని పాడుచేస్తుంది. బ్రిటన్‌లో స్టాట్స్19 అనే ప్రమాద నమోదు పద్ధతి ఉంది. 1979 నుంచి డేటా బహిరంగంగా దొరుకుతుంది. అందులో ప్రమాదం, వాహనం, బాధితుడు అని మూడు పట్టికలు. ఆ కట్టడాన్నే తీసుకుని, స్థానం కోసం నాలుగో పట్టిక చేర్చాం.

1. ప్రమాదం తాళం (ఒక్కో కేసును విడిగా గుర్తించే కీ): స్టేషన్ కోడ్ + క్రైం నంబర్ + సంవత్సరం. మూడూ అక్షర రూపంలోనే.
2. వాహనం పట్టికలో ప్రతి వాహనానికి ఒక వరుస, ఆగి ఉన్న లారీకి కూడా.
3. వ్యక్తి పట్టికలో పాదచారికి ‘ఏ వాహనంలో ఉన్నాడు’ గడి ఖాళీ, ‘ఏ వాహనం తగిలింది’ గడి నిండాలి.
4. హెల్మెట్, సీటు బెల్టు గడుల్లో 0 అంటే లేదు, 1 అంటే ఉంది, 9 అంటే రాయలేదు. ఖాళీ వదలడానికి వీల్లేదు.

నాలుగోదాని మీద మా మధ్య కాసేపు వాదన నడిచింది. ఎఫ్‌ఐఆర్‌లో హెల్మెట్ ఊసే ఉండదు చాలాసార్లు. ఖాళీని ‘లేదు’గా లెక్కేస్తే ఊరంతా హెల్మెట్ లేకుండా తిరుగుతున్నట్టు తేలుతుంది. నిజం అదే కావచ్చు, కానీ అది ఈ కాగితం చెప్పిన మాట కాదు.

ఇప్పటివరకు: పట్టికలు 4, తనిఖీ నియమాలు 3, ఎక్కించిన కేసులు 112.

దశ 2: ఎప్పుడు, ఎవరు బతికారు

ఎఫ్‌ఐఆర్‌లో సమయాలు మూడు ఉంటాయి: ఘటన జరిగినది, స్టేషన్‌కు సమాచారం అందినది, జనరల్ డైరీలో రాసినది. మొదట మూడూ ఒకే గడిలో కలిసిపోయి, ప్రమాదాలన్నీ ఉదయం పది, పదకొండు గంటల మధ్య జరిగినట్టు గ్రాఫు వచ్చింది. అది ఫిర్యాదుదారు స్టేషన్ మెట్లెక్కే వేళ. మూడింటికీ వేర్వేరు గడులు పెట్టాం. ‘14/15 రాత్రి’ అని రాసిన చోట గంట తెలిస్తే దాన్నిబట్టి తేదీ, తెలియకపోతే రెండు తేదీలూ ఉంచి గంట గడిలో 99.

అసలు దెబ్బ మరణాల లెక్కలో తగిలింది. మా డేటాబేసులో గాయాల కేసులు ఎక్కువ, మరణాలు అనుమానం వచ్చేంత తక్కువ. పెద్దాయన ఒక్క చూపుతో చెప్పారు: “సార్, మీరు ఎఫ్‌ఐఆరే చూస్తున్నారు. మనిషి వారం తర్వాత హైదరాబాద్ ఆసుపత్రిలో పోతే ఆ సంగతి ఇందులోకి ఎలా వస్తుంది? కోర్టుకు సెక్షన్ మార్పు మెమో వెళ్తుంది. అది వెబ్‌సైట్లో పెట్టరు.”

నిజమే. ఎఫ్‌ఐఆర్ ఆ రోజు తెలిసిన సంగతికి అద్దం, అంతే. తర్వాత ఏమైందో చార్జిషీటులో, మెమోలో, శవపంచనామాలో ఉంటుంది. అంతర్జాతీయంగా ప్రమాదం జరిగిన 30 రోజుల్లోపు చనిపోతే రోడ్డు మరణంగా లెక్కిస్తారు. అందుకే ‘చనిపోయాడా: అవును/కాదు’ గడి తీసేసి మరణించిన తేదీ గడి పెట్టాం. అవును, కాదు అనేది సాఫ్ట్‌వేర్ తేదీల తేడాను బట్టి తనే తేల్చుకుంటుంది. ఎఫ్‌ఐఆర్ తప్ప మరో కాగితం చూడని కేసులకు ‘తుది ఫలితం తెలియదు’ అని జెండా.

సెక్షన్ల మార్పు ఇంకో చిక్కు. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఐపీసీ 279 (అజాగ్రత్తగా నడపడం) స్థానంలో 281, 337 (గాయం)కు 125(ఎ), 338 (తీవ్ర గాయం)కు 125(బి), 304-ఎ (మరణం)కు 106(1). ఈ జతల పట్టిక రాయడం పది నిమిషాల పని. చిక్కు అంకెల్లో లేదు, నిర్వచనంలో ఉంది. ‘తీవ్ర గాయం’ అంటే ఎముక విరగడం వంటివాటితోపాటు, ఐపీసీ 320లో 20 రోజులు రోజువారీ పనులు చేసుకోలేకపోవడం కూడా ఉండేది. కొత్త చట్టం 116లో అది 15 రోజులైంది. అంటే 17 రోజులు మంచాన పడ్డవాడు అప్పుడు మామూలు గాయం, ఇప్పుడు తీవ్ర గాయం. బ్లాక్‌స్పాట్ లెక్క తీవ్ర గాయాల మీద కూడా నడుస్తుంది కాబట్టి, రోడ్డు మారకపోయినా 2024 మధ్యలో గ్రాఫు గీత పైకి లేవగలదు. బ్రిటన్‌లో గాయం రకాన్ని బట్టి తీవ్రతను తేల్చే కొత్త నమోదు పద్ధతి వచ్చినప్పుడూ ఇలాగే తీవ్ర గాయాల సంఖ్య ఎగబాకింది.

పరిష్కారం: ప్రతి గ్రాఫులో 2024 జులై దగ్గర నిలువు గీత తప్పనిసరి. దాన్ని తీసేసే బటన్ పెట్టలేదు.

ఇప్పటివరకు: పట్టికలు 4, తనిఖీ నియమాలు 8, కేసులు 386.

దశ 3: చుట్టూ వలయాలు

ఎఫ్‌ఐఆర్ ఫారంలో ఘటనా స్థలం కింద ‘స్టేషన్ నుంచి దిక్కు, దూరం’ అని ఒక గడి ఉంటుంది. ఈశాన్యంగా 6 కి.మీ., తూర్పుగా 4 కి.మీ., ఇలా. ఎనిమిది దిక్కులు, దాదాపు అన్నీ పూర్ణ సంఖ్యలు. వాటిని కోడుతో మ్యాపు మీద చుక్కలుగా మారిస్తే ఒక్కో స్టేషన్ చుట్టూ అందమైన వలయాలు వచ్చాయి. చుక్కలు పొలాల్లో, ఒకటి చెరువులో. ఒకే చుక్క మీద పదేసి కేసులు.

“ఆ దూరం మేము రాసేది పరిధి తెలియడానికి సార్, మీ మ్యాపు కోసం కాదు” అన్నారు పెద్దాయన.

తర్వాతి ఆలోచన, చుక్కలను దగ్గరలోని రోడ్డు మీదకు లాగడం. చూడ్డానికి బాగుంటుంది, అందుకే మరింత ప్రమాదం. పొలంలో పడిన చుక్కను చూసి ఎవరైనా అనుమానిస్తారు. రోడ్డు మీద కూర్చున్న తప్పుడు చుక్కను ఎవరూ అనుమానించరు. ఆ కోడు మొత్తం తీసేశాం.

స్థలం నిజంగా దొరికేది ఫిర్యాదు కథనంలో: ‘ఫలానా దాబా ఎదురుగా’, ‘పెట్రోల్ బంకు దాటాక మీడియన్ (డివైడర్) సందు వద్ద’, ‘గ్రామ శివారులో’, ‘ఎక్స్ రోడ్డు వద్ద’. కాబట్టి ఆనవాళ్ల పట్టిక ఒకటి సొంతంగా తయారు చేసుకోవాల్సి వచ్చింది. బంకులు, దాబాలు, కల్వర్టులు, క్రాస్ రోడ్లు, మీడియన్ సందులు, బస్ షెల్టర్లు, కిలోమీటరు రాళ్లు. ఒక్కోదానికీ అక్షాంశ రేఖాంశాలు, ఇంకా జనం పిలిచే పేర్లన్నీ. దాబా మూసేసి రెండేళ్లయినా ఊరివాళ్లు ఆ పేరుతోనే చెబుతారు, కాబట్టి పాత పేర్లు ముఖ్యం. రోడ్ల నంబర్లూ అంతే. జాతీయ రహదారుల నంబర్లు 2010లో మారాయి, కానీ 65ను తొమ్మిది అని, 44ను ఏడు అని, 16ను అయిదు అని రాసే అలవాటు పోలేదు.

జిల్లా పేరును మాత్రం తాళంలో కలపకండి. తెలంగాణలో 2016లో జిల్లాలు 10 నుంచి 31కి, తర్వాత 33కి పెరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 నుంచి 26 అయ్యాయి. స్టేషన్ ఉన్నచోటే ఉంటుంది, పైనున్న జిల్లా పేరు మారుతుంది.

చివరికి ప్రతి కేసుకూ స్థానంతోపాటు దాని నమ్మకాన్ని కూడా శ్రేణిగా రాయడం మొదలుపెట్టాం:

1. ఏ శ్రేణి: ఘటనా స్థలంలో తీసిన జీపీఎస్ లేదా 200 మీటర్ల రాయి. తేడా 50 మీటర్ల లోపు.
2. బీ శ్రేణి: పట్టికలో ఉన్న ఒకే ఒక ఆనవాలు. తేడా 200 మీటర్ల లోపు.
3. సీ శ్రేణి: ఊరి పేరు మాత్రమే. కిలోమీటరు అటూ ఇటూ.
4. డీ శ్రేణి: దిక్కు, దూరం తప్ప ఏమీ లేవు.

సీ, డీ కేసులకు మ్యాపు మీద చుక్క ఉండదు. పక్కన పట్టికగా వస్తాయి. ఈ పని మొత్తంలో ఎవరైనా ఒక్కటే నకలు చేసుకుంటానంటే ఈ శ్రేణిని చేసుకోమంటాను.

దశ 4: రాళ్ల లెక్క, గీత లెక్క

బ్లాక్‌స్పాట్ అంటే రోడ్డు పొడవునా 500 మీటర్లు. కాబట్టి ప్రతి చుక్కకూ రోడ్డు మొదటి నుంచి దూరం, అంటే చైనేజీ, కావాలి.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో నాలుగు వరుసల రోడ్డు రెండు గీతలుగా ఉంటుంది, వెళ్లేవైపు ఒకటి, వచ్చేవైపు ఒకటి. పైగా సర్వీసు రోడ్లు. రెండు గీతల మీదా విడివిడిగా కొలిస్తే వంపుల దగ్గర తేడా పేరుకుని, ఎదురెదురుగా ఉన్న రెండు చోట్లకు వేర్వేరు చైనేజీలు వస్తున్నాయి. మీడియన్ వెంబడి ఒకే ఆధార గీత గీసి, ‘వైపు: ఎడమ/కుడి/సర్వీసు’ అని గడి పెట్టాక కుదిరింది.

కొలత డిగ్రీల్లో చేయకూడదు. 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 106 కి.మీ., అక్షాంశం సుమారు 111 కి.మీ. యూటీఎం అనే మీటర్ల మ్యాపు పద్ధతిలో జోన్ 44 ఉత్తరానికి మార్చుకుని కొలవండి. అనంతపురం, జహీరాబాద్ వైపు చేసేవారికి జోన్ 43 వస్తుంది.

గీత మీద చైనేజీని రాళ్లతో సరిపోల్చినప్పుడు ఒకచోట వరుస నంబర్ల రెండు కిలోమీటరు రాళ్ల మధ్య 1,340 మీటర్లు వచ్చింది. బైపాస్ వేశాక రోడ్డు పొడవైంది, రాళ్ల నంబర్లు మాత్రం వరుస తప్పలేదు. అందుకని ‘ఫలానా రాయి + ఇన్ని మీటర్లు’ అని కాగితంలో ఉన్నది ఒక గడిలో, గీత మీద కొలిచినది మరో గడిలో. రాయి చూసి రాసినవాణ్ణి గీత చూసి దిద్దకూడదు.

దశ 5: ఒకే ప్రమాదం, రెండు కేసులు

ఇది త్వరగా అయిపోయింది. పరిధి వివాదంతో జీరో ఎఫ్‌ఐఆర్ అయి బదిలీ అయినవి, ఇరువైపులా ఫిర్యాదులు ఇచ్చుకున్నవి రెండేసిసార్లు వచ్చాయి. తేదీ ఒక రోజు అటూ ఇటూగా ఉండి, ఒక్క వాహనం నంబరైనా కలిస్తే అనుమానిత జంటగా తెరమీద చూపిస్తుంది. కలపాలా వద్దా అనేది మనిషి నిర్ణయం. వాహనం నంబర్లో ఖాళీలు, గీతలు, ముందు సున్నాలు తీసేసి పోల్చాలి. నంబరును బట్టి బండి ఏ జిల్లాదో ఊహించే కోడు రాయకండి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో జిల్లాతో పని లేకుండా కొత్త బండ్లన్నిటికీ ఏపీ 39 అనే ఒకే సిరీస్ మొదలైంది, తెలంగాణలో 2024 నుంచి టీఎస్ స్థానంలో టీజీ.

ఇప్పటివరకు: కేసులు 386 నుంచి 371కి తగ్గాయి. ఏ 58, బీ 187, సీ 92, డీ 34. తనిఖీ నియమాలు 14.

దశ 6: ‘కారణం’ గడికి తాళం

దాదాపు ప్రతి ఎఫ్‌ఐఆర్‌లోనూ ఒకే వాక్యం: డ్రైవరు అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి ఢీకొట్టాడు. సెక్షన్ వర్తించాలంటే ఆ మాటలు ఉండాలి, అందుకే రాస్తారు. రాసినవారిని తప్పు పట్టడానికి లేదు. కానీ అది వేగాన్ని కొలిచిన మాట కాదు. కేంద్ర రవాణా శాఖ నివేదికల్లో 70 శాతానికి పైగా ప్రమాదాలు అతివేగం ఖాతాలో కనిపించడం వెనుక ఈ వాక్యం వాటా కొంత ఉండి తీరుతుందని నా అభిప్రాయం.

కారణం గడి తీసేసి, కదలిక గడి పెట్టాం. వెనుక నుంచి ఢీ, ఆగి ఉన్న వాహనాన్ని ఢీ, మీడియన్ సందులో మలుపు, రాంగ్ రూట్, పాదచారి దాటుతూ, ఒంటరిగా బోల్తా, ఇంకా కొన్ని. కథనం నుంచి ఇవి తేలిగ్గా తెలుస్తాయి, సాక్షి కళ్లతో చూసినవి కాబట్టి. ఇద్దరం విడివిడిగా గుర్తించి, ఇద్దరికీ కలవని కేసులను మళ్లీ చదివాం. తేడాలు ఎక్కువగా ‘రాంగ్ రూట్’, ‘మీడియన్ మలుపు’ మధ్య వచ్చాయి. సందు దాకా రాంగ్ రూట్లో వచ్చి అక్కడ తిరిగేవాడు రెండూ చేస్తున్నాడు. ఇప్పుడు రెండు గుర్తులూ పెట్టవచ్చు.

దశ 7: 500 మీటర్ల కిటికీ

కేంద్ర రవాణా శాఖ నిర్వచనం: జాతీయ రహదారి మీద సుమారు 500 మీటర్ల మేర, గత మూడు క్యాలెండర్ సంవత్సరాల్లో మరణం లేదా తీవ్ర గాయం ఉన్న ప్రమాదాలు 5, లేదా మొత్తం 10 మరణాలు.

రోడ్డును 0–500, 500–1000 అని కోసి లెక్కిస్తే, సరిగ్గా కోత మీద ఉన్న కూడలి ప్రమాదాలు మూడు ఇటు, మూడు అటు పోయి రెండూ తప్పించుకున్నాయి. 500 మీటర్ల ముక్కను కిటికీలా రోడ్డు వెంట జరుపుతూ లెక్కిస్తే కూడలి దొరికింది, కానీ ఒకదాని మీద ఒకటి పడ్డ కిటికీలు కలిసి రెండు కిలోమీటర్ల ‘స్పాట్’ తయారైంది. చివరికి కుదిరిన పద్ధతి:

1. ఏ, బీ శ్రేణుల తీవ్ర ప్రమాదాలను చైనేజీ వరుసలో పెట్టాలి.
2. ప్రతి ప్రమాదం దగ్గర కిటికీ మొదలుపెట్టి ముందుకు 500 మీటర్లలో ఉన్నవి లెక్కించాలి.
3. అన్నిటికన్నా ఎక్కువ ఉన్న కిటికీని ఎంచి, అందులోని ప్రమాదాలను జాబితా నుంచి తీసేయాలి.
4. మిగిలినవాటితో 2 నుంచి మళ్లీ. 5 ప్రమాదాలు గానీ 10 మరణాలు గానీ ఉన్న కిటికీ దొరకనప్పుడు ఆపాలి.
5. పక్కనే బ్రాకెట్లో, సీ శ్రేణి నుంచి ఇందులో పడగలిగిన కేసులు ఎన్నో చూపాలి. ఉదాహరణకు 6 (+3).

బీ శ్రేణిలో 200 మీటర్ల తేడా ఉంది కదా. అందుకని ప్రతి చుక్కనూ దాని తేడా మేర ఇష్టం వచ్చినట్టు జరిపి, 1,000 సార్లు లెక్క తిప్పించాం. కొన్ని చోట్లు దాదాపు ప్రతిసారీ జాబితాలో నిలిచాయి. కొన్ని సగం సార్లే. ఆ శాతాన్ని చోటు పేరు పక్కన అచ్చు వేస్తున్నాం.

పది మరణాల షరతు ఒక్క బస్సు ప్రమాదంతోనే నిండిపోవచ్చు. అలాంటి చోటుకు వేరే రంగు.

దశ 8: కాకతాళీయం ఎంత

ఒక రోడ్డు మీద ఏ చోటూ మరోదానికన్నా చెడ్డది కాదనుకుందాం. ఒక్కో 500 మీటర్లకు మూడేళ్లలో సగటున 2 తీవ్ర ప్రమాదాలు. ఘటనలు యాదృచ్ఛికంగా పడే తీరును లెక్కించే పాయిజాన్ సూత్రం ప్రకారం ఏదో ఒక ముక్కలో 5 లేదా అంతకన్నా ఎక్కువ పడే అవకాశం 5 శాతానికి కాస్త పైన. 50 కిలోమీటర్లంటే 100 ముక్కలు. కాబట్టి ఏ దోషమూ లేకుండానే అయిదు ‘బ్లాక్‌స్పాట్లు’ పుడతాయి. కిటికీ జరిపితే ఇంకా ఎక్కువ. అక్కడ రంబుల్ స్ట్రిప్పులు (వేగం తగ్గించే గరుకు పట్టీలు) వేస్తే తర్వాతి మూడేళ్లలో తగ్గుతాయి. వేయకపోయినా తగ్గుతాయి, కాకతాళీయంగా పెరిగింది మళ్లీ సగటు వైపే వస్తుంది కాబట్టి.

దీనికి రోడ్డు భద్రతా పరిశోధకుడు ఎజ్రా హావర్ ప్రచారంలోకి తెచ్చిన ఎంపిరికల్ బేయిస్ పద్ధతి ఉంది. ఆ చోటు లెక్కను, అలాంటి ట్రాఫిక్ ఉన్న ఇతర చోట్ల సగటుతో కలిపి సర్దుతారు. దానికి వాహనాల సంఖ్య కావాలి. అది వచ్చేదాకా మా నివేదికలో రెండు షరతులూ దాటినవే పైన ఉంటాయి: కిటికీ లెక్క నిండాలి, అందులో సగానికి పైగా ఒకే కదలిక రకం కావాలి. కాకతాళీయంగా అయిదు పడవచ్చు గానీ, అయిదింటిలో నాలుగు అదే మీడియన్ సందులో అడ్డం తిరుగుతున్న బైకులైతే ఆ చోటును వెళ్లి చూడాల్సిందే.

టోల్ ప్లాజా లెక్క తీసుకుంటే సరిపోతుందనుకున్నాం. జాతీయ రహదారుల మీద ద్విచక్ర వాహనాలకు టోల్ లేదు, కాబట్టి అవి ఆ లెక్కలోకి రావు. 2022లో దేశంలో రోడ్డు మరణాలు 1,68,491. అందులో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాలవారే. అందుకే బైకులను మేమే లెక్కిస్తున్నాం. జాబితాలో పైనున్న సందు దగ్గర బంకు మేడ మీద ఫోను పెట్టి, ఉదయం ఒక గంట, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు వీడియో తీస్తున్నాం. చీకటి పడ్డాక హెడ్‌లైటు కాంతిలో బైకు, ఆటో ఒకేలా కనిపిస్తున్నాయి. రాత్రి లెక్కకు స్తంభం కింద వెలుతురు పడే చోటును ఎంచుకుని, గీత దాటినవి మాత్రమే లెక్కిస్తున్నాం. ఆ అంకెలు వచ్చాక దశ 9 రాస్తాను.

ఇప్పటివరకు: కేసులు 371, తనిఖీ నియమాలు 19, సాఫ్ట్‌వేర్ ఖర్చు ఇప్పటికీ సున్నా.